ట్రయల్ రూములో శేషారత్నం

ఆ రోజుకి శేషారత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే వంట ముగించి, మొగుడికి టిఫిను పెట్టి, ఆటో ఎక్కి జూబ్లీహిల్స్‌లో ఒక షాపుకి వెళ్ళాలి. జాకెట్టు లోపలికి రెండు బాడీలు కొనుక్కుని భోజనాల వేళకి ఇంట్లో ఉండాలి. ఎక్కడికెళ్ళిందో, ఏం తెచ్చుకుందో ఒక్క మగపురుగుకి కూడా తెలియకూడదు. అంతే.

కానీ శేషారత్నానికి చిన్న పని అంటూ ఏదీ ఉండదు. కుక్కరు కూత వేయడం ఆలస్యమైతే పేలిపోతుందంటుంది. పేలకపోతే లోపల ఏదో అయిందంటుంది. కూతురు ప్రణతి ఫోను ఎత్తకపోతే యాక్సిడెంటు, ఎత్తి మెల్లిగా మాట్లాడితే జ్వరం. శ్రీనగర్ కాలనీలోని ఆ ఇంటికి ఆవిడ ఏనాడో ఒక చట్టం చేసి పెట్టింది. గడప దాటినవాళ్ళు ఎవరైనా ఫోనులో లొకేషను పంపాలి. మూడుసార్లు చేసినా ఎత్తలేదంటే ఏదో అయినట్టే లెక్క. అప్పుడు సిగ్గుపడి కూర్చోకుండా పదిమందినీ కేకేయాలి.

కొన్నాళ్ళుగా ఆవిడకి ఎడమ భుజం లాగేస్తోంది. అటక మీది డబ్బా అందుకోలేదు, చెయ్యి వెనక్కి పెట్టి జడ ముడి వేసుకోలేదు. ఎడమవైపు నొప్పి అంటే ఇంకేముంది, గుండే. గుండె డాక్టరు రెండుసార్లు ఈసీజీ తీసి, "మీ గుండె నా గుండెకంటే బావుందమ్మా" అన్నాడు. పాపం ఆ డాక్టరు గుండెకి ఏమొచ్చిందోనని ఆవిడ ఇంకో రెండు రోజులు బెంగపడింది. చివరికి ఒక లేడీ డాక్టరు ఆవిడ భుజాల మీద వాతల్లా పడ్డ గాట్లు చూసి అసలు సంగతి చెప్పింది.

"మీరు నిండైన మనిషి. వేసుకునే బాడీ మీ సైజుది కాదు. బరువంతా ఈ రెండు పట్టీల మీద వేలాడేసి మోస్తున్నారు. ముందు సరైంది కొనుక్కోండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే మిగతావి చూద్దాం."

వేరేవాళ్ళయితే ఈ మాట విని హమ్మయ్య అనుకుందురు. శేషారత్నానికి మాత్రం 'మిగతావి' అన్న ఒక్క మాటే చెవిలో నిలబడిపోయింది. మిగతావి అంటే ఏవి? పేరు చెప్పకుండా దాచిందంటే అవి పేరు చెప్పలేనంతవే అయ్యుండాలి. ఆ బాడీ సరిపోయి చెయ్యి పైకి లేచిందా, బతికిపోయినట్టు. లేవలేదా, ప్రణతి పెళ్ళి ఎవరు చేస్తారు?

నిజానికి ఆవిడ సైజు ఏమిటో ఆవిడకే తెలియదు. పెళ్ళినాడు పాలకొల్లులో వాళ్ళమ్మ ఒక నంబరు చెప్పి కొనిచ్చింది. బిగుతైనప్పుడల్లా శేషారత్నం ఆ నంబరు పెంచుకుంటూ పోయింది. కొట్టు కౌంటరు దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, నంబరు గొణిగి, కాగితంలో చుట్టి ఇచ్చింది సంచి అడుగున కుక్కుకుని వచ్చేయడమే. కొన్నదాన్ని ఇంట్లో కూడా అంతే మర్యాదగా చూసేది. మేడ మీద ఆరేస్తే పైన లంగా, ఆ పైన తువ్వాలు. ఆ ఇంట్లో ఏ బాడీ కూడా ఎండ ముఖం చూసిన పాపాన పోలేదు.

ప్రణతి ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమాకి కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటు. డాక్టరు మాట విని ఆ పిల్లే షాపు వెతికి, టైము కూడా తీసుకుంది.

"అక్కడందరూ ఆడపిల్లలేనమ్మా. టేపుతో కొలుస్తారు. వేసుకుని చూసి, బావుంటేనే కొనుక్కోవచ్చు."

"వేసుకుని చూడ్డమా? ట్రయల్ రూములోనా? అద్దాల వెనక కెమెరాలుంటాయని వాట్సాప్‌లో వచ్చింది, నువ్వు చూళ్ళేదా?"

"నిన్ను తీసి ఏం చేసుకుంటారమ్మా?"

"అదేనే నా భయం. ఏం చేసుకుంటారో తెలీదుగా!"

తోడు వస్తానన్న ప్రణతికి పొద్దున్నే షూటింగు పిలుపొచ్చింది. "పోలీస్‌ స్టేషన్ సీనమ్మా, అర్జంటు. నేను హీరోయిన్ కారవాన్‌లో ఉంటా, అందులోకి ఫోన్లు రానివ్వరు. నువ్వు వెళ్ళొచ్చేయ్, భయమేం లేదు" అని పరిగెత్తింది. భయం లేదని ఎవరైనా అంటే చాలు, శేషారత్నానికి అరికాళ్ళు చల్లబడతాయి.

చెప్పులు వేసుకుంటూ ఉండగా మొగుడు ఆదినారాయణ ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అడిగాడు.

"ఎక్కడికీ?"

"డాక్టరమ్మ చెప్పిన పనుంది."

"ఏం పని?"

"భుజానికి."

"టెస్టా?"

"అలాంటిదే అనుకోండి."

"ఉండు, నేనూ వస్తా."

"వద్దు!"

ఆ 'వద్దు' పక్కవీధి కుక్క కూడా లేచి చూసేంత గట్టిగా వచ్చింది. ఆదినారాయణ చేతిలో ఇడ్లీ అక్కడే ఆగిపోయింది. దోమ కుట్టినా తన చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళే మనిషి, టెస్టుకి తనని రావద్దంది. ముఖం చూడబోతే తిప్పుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ భయపడకుండా ఉన్నదీ లేదు, భయాన్ని దాచుకున్నదీ లేదు. దాచిందంటే? ఆయన ఇడ్లీ పక్కన పెట్టేశాడు.

జూబ్లీహిల్స్ షాపు ఒక నాలుగంతస్తుల అద్దాల మేడలో మొదటి అంతస్తులో ఉంది. బయట బోర్డు మీద వంకర్లు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు తప్ప లోపల ఏం అమ్ముతారో చెప్పే ఆనవాలే లేదు. శేషారత్నానికి ఆ మర్యాద నచ్చింది. లోపల రష్మి అనే అమ్మాయి ఎదురొచ్చి పక్కగదిలోకి తీసుకెళ్ళి టేపు తీసింది.

"ఆంటీ, ఇప్పుడు ఏ సైజు వాడుతున్నరు?"

"నలభై" అంది శేషారత్నం, దొంగసొత్తు పేరు చెప్పినట్టు.

"నలభై, పక్కన అక్షరం?"

"అక్షరం కూడా ఉంటుందా అమ్మా? నేను తొమ్మిదో తరగతితో ఆపేశాను. నంబరు దాకానే చూసేదాన్ని."

రష్మి నవ్వలేదు. టేపు చుట్టి, చూసి, మళ్ళీ చుట్టింది. "అట్లనే ఉంటది ఆంటీ, శానామంది నంబరే పెంచుకుంట పోతరు. మీకు చుట్టూత వదులైంది, ముంగట ఇరుకైంది. మీకు నంబరు తగ్గాలె, అక్షరం పెరగాలె. చూడుండ్రి, కింది పట్టీ గట్టిగ పట్టుకుని బరువు మొయ్యాలె. భుజాల పట్టీలు ఊకె తోడుంటయి, గంతే."

"నా లెక్కలో భుజాలే అన్నీ మోస్తాయమ్మా" అంది శేషారత్నం. అని, ఇంటి సంగతులు కూడా ఎక్కడ చెప్పేస్తుందోనని తన నోటికి తనే భయపడింది.

రష్మి నాలుగు రకాలు చేతికిచ్చి ట్రయల్ రూము చూపించింది. "వేసుకుని, పైన జాకెట్టు కూడ వేసుకుని, జర అటిటు నడిచి చూడుండ్రి. తొందర లేదు."

తలుపు గడియ పెట్టి శేషారత్నం ముందు అద్దం సంగతి చూసింది. అద్దానికి వేలు ఆనించి, అసలు వేలికీ అద్దంలో వేలికీ నడుమ సందు ఉందా అని చూడమని వాట్సాప్‌లో చెప్పారు. చూసింది. సందు ఉంది. సందు ఉంటే మంచిదో, లేకపోతే మంచిదో మాత్రం ఆ క్షణాన గుర్తు రాలేదు. ఎందుకొచ్చిన గొడవని చీర విప్పి అద్దం మీద కప్పింది. సంచిలో ఫోను కనపడింది. దానికీ ముందొక కన్ను, వెనక మూడు కళ్ళు. దాన్నీ ఆపేసి సంచి అడుగున పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఆదినారాయణ ఫోను చేశాడు. స్విచ్ ఆఫ్. రెండోసారి చేశాడు, మూడోసారీ చేశాడు. ప్రణతికి చేస్తే మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. ఇక ఆయన చేయగలిగింది ఒక్కటే, భార్య చేసిన చట్టాన్ని పాటించడం. శేషారత్నం ఫోను ఆఖరిసారి చూపించిన చోటు ఫోటో తీసి పెట్టుకుని, స్కూటరు మీద జూబ్లీహిల్స్ మేడ దగ్గరికి చేరాడు. కింద గోడకి ఏ అంతస్తులో ఏముందో రాసి ఉంది. మొదటిది ఆ వంకర ఇంగ్లీషు, చదవబుద్ధి కాలేదు. రెండోది ఏదో ఆఫీసు. మూడో అంతస్తు: స్కానింగ్ సెంటర్. ఆదినారాయణ ఆ పైన ఇంకేమీ చదవలేదు.

మూడో అంతస్తుకి పరిగెత్తాడు. ఆ పేరు గలావిడ రాలేదన్నారు. రాకపోతే మరేమైనట్టు? మెట్ల మీద పడిపోయిందా? ఏ గదిలోనైనా కళ్ళు తిరిగి ఉందా? మేడ చూస్తే పెద్దది, తను ఒక్కడు. పైగా ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఏ కష్టమొచ్చినా ఆయనకి తెలిసిన మందు ఒకటే, జనాన్ని పిలవడం. జాతర సీనుకి జనం తక్కువైతే ఒక్క ఫోనుతో రహమత్ నగర్ నుంచి లారీ నిండా దింపించిన చెయ్యి అది. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు వెంకటనర్సయ్యకి ఫోను కొట్టాడు.

"నర్సయ్యా, మా ఆవిడ కనపట్టం లేదయ్యా! ఫోను ఆపేసుంది. మేడంతా వెతకాలి, మనుషులు కావాలి."

"ఏంది సార్, అమ్మనా? ఫికర్ జెయ్యకుండ్రి. మనోళ్ళు గీడ్నే ఫిల్మ్‌నగర్‌ల సెట్ల ఉన్నరు. హీరో ఇంక రాలే, అందరు ఖాళీగనే కూసున్నరు. పది నిమిషాల్ల దింపుత."

"అందరూ వద్దు, కొంతమంది చాలు."

"అమ్మ కోసం కొంతమందేంది సార్? ఆ ఇంట్ల పచ్చడన్నం తిన్నోణ్ణి నేను. అందర్నీ తెస్త."

చెప్పినట్టే తెచ్చాడు. పెద్ద వ్యాను వచ్చి మేడ ముందు ఆగింది. అందులోంచి దిగినవాళ్ళని చూసి ఆదినారాయణ తల పట్టుకున్నాడు. అందరూ పోలీసులే. లాఠీలు, టోపీలు, బూట్లు, నలుగురు ఆడ కానిస్టేబుళ్ళు, వాళ్ళ ముందు బొద్దుగా బాలాత్రిపురసుందరి అనే ఆడ ఇన్‌స్పెక్టరు.

"ఈ వేషాలేంటి నర్సయ్యా?"

"స్టేషన్ సీను గద సార్. డ్రెస్సు మార్చుకుంటె టైము పోతదని గట్లనే తెచ్చిన. అంతస్తుకు గింతమంది, ఎక్కుండ్రి ఎక్కుండ్రి!"

బూట్లు మెట్ల మీద ధనధనమన్నాయి. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి, ఆ చెయ్యి దించకుండానే గోడ పక్కకి జారుకున్నాడు. ఆ రోడ్డు మీద హీరోయిన్లు ఎవరైనా కాఫీకి వస్తారేమోనని పొద్దుట్నుంచీ కాచుకున్న యూట్యూబ్ చానెళ్ళ కుర్రాళ్ళు కెమెరాలు భుజానేసుకుని పరిగెత్తుకొచ్చారు. ఇంతమంది పోలీసులు లోదుస్తుల షాపున్న మేడకి ఎందుకొస్తారు? వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఒకడు మైకు పట్టుకుని, "జూబ్లీహిల్స్‌లో కలకలం! ట్రయల్ రూముల్లో రహస్య కెమెరాలు?" అని అడగడం మొదలుపెట్టాడు. చివర్న ప్రశ్న గుర్తు ఉంది గనక తనది తప్పు కాదని వాడి ధైర్యం.

ఆ కేక కిటికీలోంచి శేషారత్నం చెవిన పడింది. వెనకే బూట్ల చప్పుడు. ఎవరో అమ్మాయి, "అయ్యో, పోలీసులు!" అంటూ పరిగెడుతోంది.

మొదట ఒక్క క్షణం ఆవిడకి గర్వమే కలిగింది. "నే చెప్పలేదూ!" అని పైకే అంది. ఆ గర్వం కాస్తా మరుక్షణం కాళ్ళలోకి దిగిపోయింది. మూడు బాడీలు విప్పి నాలుగోది వేసుకుంది. అదంతా ఏ కెమెరాలో చేరిందో! అదృష్టం కొద్దీ నాలుగోదాని మీద జాకెట్టు వేసుకుని హుక్కులు పెట్టుకుని ఉంది. చీర లాగి గబగబా చుట్టుకుంది. అద్దం బయటపడింది. అంత భయంలోనూ ఆ కెమెరాని కళ్ళారా చూడాలనిపించింది. మేకుకి వేలాడుతున్న అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కకి జరిపింది.

వెనక కెమెరా లేదు. ఒక బల్లి ఉంది. అది కూడా అంతే కంగారుపడి, ఆవిడ చేతి మీదుగా కిందికి దూకింది.

"అమ్మో! చచ్చాన్రో!"

మెట్ల మీదున్న ఆదినారాయణ ఆ గొంతు పోల్చుకున్నాడు. "శేషూ! అది మా శేషు గొంతే!" అంటూ షాపులోకి జొరబడ్డాడు, వెనకే ఖాకీ దండు. ట్రయల్ రూము దగ్గరికి మగవాళ్ళు రాకూడదని రష్మి రెండు చేతులూ అడ్డంపెట్టింది. అందుకని బాలాత్రిపురసుందరి ముందుకొచ్చింది. ఆవిడ జీవితమంతా సినిమాల్లో పోలీసే. కానీ నోరు తెరిచి డైలాగు చెప్పే అవకాశం ఒక్కసారే వచ్చింది. ఆ డైలాగు ఎడిటింగులో పోయింది. ఈవేళ ఎదురుగా తలుపు, లోపల ఎవరో ప్రమాదంలో ఉన్నారు. ఆవిడ భుజంతో ఒక్క తోపు తోసింది. గడియ ఊడింది.

"ఎవరూ కదలొద్దు! చేతులు పైకెత్తండి!"

శేషారత్నం రెండు చేతులూ పైకెత్తింది.

పైకి అంటే పూర్తిగా పైకి. మోచేతులు చెవులు దాటి, గాజులు గలగలమని మోచేతి దాకా జారి, వేళ్ళు ట్రయల్ రూము దీపాన్ని అందుకునేంత పైకి. ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా ఎడమ చేతి వైపు చూసింది. ఆ చేతిని దించింది. మళ్ళీ ఎత్తింది.

"కదలొద్దన్నానా!" అంది ఇన్‌స్పెక్టరు, కొంచెం అనుమానంగా.

"ఉండమ్మా నువ్వు" అంది శేషారత్నం. ఆ చేతిని మళ్ళీ దించి, మళ్ళీ ఎత్తింది. లాగలేదు. గుచ్చలేదు. భుజం మీద ఏమీ లేనట్టు ఉంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేచింది! మిగతావి అక్కర్లేదు!"

"ఏంటమ్మా అక్కర్లేనివి?"

"నీకెందుకులే. చల్లగా ఉండు తల్లీ" అని ఆవిడని కావలించుకుంది.

బయట నుంచి ఆదినారాయణ కేకేశాడు. "శేషూ! బతికే ఉన్నావా?"

"ఇదిగో, ఇప్పుడే తేలింది, బతికే ఉన్నా. మీరిక్కడికెందుకొచ్చారు?"

"నువ్వు ఫోను ఎత్తలేదుగా! మూడుసార్లు చేశా. నువ్వే కదా చెప్పింది, పదిమందినీ కేకేయమని!"

"పదిమందినంటే ఇంతమందినా? అదీ పోలీసుల్నా?"

అప్పుడుగానీ ఆదినారాయణ తల ఎత్తి చుట్టూ చూడలేదు. చూసినవాడు తల ఎక్కడ దించుకోవాలో తెలియక నిలువునా బిగుసుకుపోయాడు. ఆయన వెనక మగ కానిస్టేబుళ్ళందరూ ఎప్పట్నుంచో సీలింగు ఫ్యాను వంక భక్తిగా చూస్తున్నారు. "ఇదా నువ్వు చెప్పిన టెస్టు?" అన్నాడాయన.

"ఇదే. పాసయ్యాను. ఇక కిందికి దయచేయండి."

ఇంతలో వెంకటనర్సయ్య ఫోను మోగింది. అవతల అసిస్టెంటు డైరెక్టరు అరుపు అందరికీ వినపడింది. "హీరో వచ్చి స్టేషన్లో కూర్చున్నాడు! పోలీసులేరయ్యా?"

"వస్తున్నం సార్! ఏయ్, నడువుండ్రి, నడువుండ్రి!"

మగవాళ్ళు బతుకు జీవుడా అని పరిగెత్తారు. ఆడవాళ్ళు కదల్లేదు. బాలాత్రిపురసుందరి శేషారత్నం చెయ్యి వదలకుండా, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, మీరు చెయ్యి అలా ఎత్తి దించుతుంటే చూశా. నాకూ అదే బాధండి. ఈ ఖాకీ చొక్కా బిగింపు ఒకటి, లోపల దాని కోత ఒకటి. సాయంత్రానికి మెడ తిరగదు. మా మనుషులకి ఇలాంటివి దొరుకుతాయాండి?"

"దొరక్కపోవడమేంటి? నంబరొక్కటే చూడకు, పక్కన అక్షరం కూడా ఉంటుంది" అంది శేషారత్నం, పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు. "రష్మీ, ముందీ ఇన్‌స్పెక్టరుకి టేపు పట్టమ్మా."

కానిస్టేబుళ్ళు నలుగురూ వెనక వరసకట్టారు. పోలీసు దుస్తులు మాయమయ్యాయని ఏడుపు ముఖంతో, నర్సయ్య చెప్పిన గుర్తులు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చిన ప్రణతికి తలుపు తీయగానే కనపడింది ఆ వరస. వరస మొదట్లో రెండు చేతులూ ఎత్తి, దించి, ఎలా చూసుకోవాలో నేర్పుతున్న తల్లి కనపడింది.

"అమ్మా! ఏంటిది? కింద కెమెరాలున్నాయి, తెలుసా?"

"కిందే కదా ఉన్నాయి. అద్దం వెనక లేవు, నేను చూశా."

ధైర్యం ఇంటికొచ్చేదాకా ఉంది. ఫోను ఆన్ చేయగానే అది చీమలపుట్టలా కదిలింది. షాపు సంచి పట్టుకుని పోలీసుల నడుమ మెట్లు దిగుతున్న శేషారత్నం వీడియో పాలకొల్లు దాకా పాకిపోయింది. అంత భయపడి దాచుకున్న ఒక్క సంగతీ లోకమంతా చూసేసింది. ఇక ఊళ్ళో ముఖమెలా చూపించాలి? ఆడపడుచు అమ్మాజీ ఫోను. ఆవిడ నోటికి ఊరంతా భయం. ఎత్తకపోతే మళ్ళీ చట్టం ఒకటి. శేషారత్నం కళ్ళు మూసుకుని ఎత్తింది.

"వదినా" అంది అమ్మాజీ, ఎన్నడూ లేనంత మెల్లిగా. "పక్కన అన్నయ్య లేడుగా?"

"లేరు. చెప్పు."

"వీడియో చూశా. ఏమైందని అడగనులే. ఆ మెట్లు దిగేప్పుడు నువ్వు అంత నిటారుగా ఉన్నావే, పెళ్ళిలో కూడా నిన్నలా చూళ్ళేదు. ఆ షాపులో నా సైజుకి దొరుకుతాయా?"

ఆ సాయంత్రం దాకా అలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరూ ముందు గొంతు తగ్గించి, తర్వాత నంబరు చెప్పేవాళ్ళే. పక్కన అక్షరం సంగతి ఒక్కరికీ తెలియదు.

మర్నాడు పొద్దున శేషారత్నం మేడ మీదికెళ్ళి, కొత్త బాడీని తీగ మీద ఆరేసింది. పైన లంగా లేదు, తువ్వాలు లేదు, సిగ్గూ లేదు. ఆ ఇంట్లో ఒక బాడీ మొట్టమొదటిసారిగా ఎండ ముఖం చూసింది. ఆవిడ మాత్రం దాని పక్కనే కుర్చీ వేసుకుని, చేత్తో కర్ర పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది, కాకి ఎత్తుకుపోతుందేమోనని.